అమిగాలో బూట్ కాగానే కమాండ్ విండోలో ప్రోగ్రాం దానంతట అదే మొదలవ్వాలంటే ఏం చేయాలి?

పాతకీబోర్డు:
నా దగ్గర వర్క్‌బెంచ్ 3.0 (అమిగాలో ఐకాన్లు, విండోలతో కనిపించే డెస్క్‌టాప్), చిన్న హార్డ్ డిస్క్ ఉన్న అమిగా 1200 అనే పాత ఇంటి కంప్యూటర్ ఉంది. సీరియల్ పోర్టు నుంచి వచ్చే వరుసలను చదివి, వచ్చినవి వచ్చినట్టే తెరమీద చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి సీ భాషలో రాసుకున్నాను. దానికి సొంత విండో లేదు, ఏ కమాండ్ విండోలో నడిపితే అందులోనే ముద్రిస్తుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే నేను ఏమీ టైపు చేయకుండా ఆ ప్రోగ్రాం తెర కింది సగంలో ఒక విండోలో మొదలవ్వాలి, పైన వర్క్‌బెంచ్ మామూలుగా ఉండాలి. ఇంతే నా కోరిక.

బూట్ సమయంలో నడిచే యూజర్-స్టార్టప్ అనే ఫైలు చివర ప్రోగ్రాం పేరును ఒక వరుసగా చేరిస్తే అది నడుస్తోంది కానీ వర్క్‌బెంచ్ రావడమే లేదు. పేరుకు ముందు రన్ అని చేరిస్తే వర్క్‌బెంచ్ వస్తోంది, కానీ బూట్ సమయంలో తెరుచుకున్న విండో అలాగే మిగిలిపోతోంది, ప్రోగ్రాం అందులోనే ముద్రిస్తోంది. ఈ రెండింటికీ కారణం ఏమిటో, సరైన పద్ధతి ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

అర్ధవిరామం:
రెండు సమస్యలకూ మూలం ఒకటే. కమాండ్ విండోలో మొదలైన ప్రోగ్రాం ఆ విండోకు కట్టుబడి ఉంటుంది కాబట్టి, విండో ఎవరిది, అందులోకి ఎవరు రాస్తున్నారు అన్నది ముందు తేల్చుకోవాలి.

బూట్ అయినప్పుడు వ్యవస్థ మొదటి సీఎల్ఐని (టైపు చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం, దీని మెరుగైన రూపమే షెల్) తెరిచి, దాని చేత ఎస్: డైరెక్టరీలోని స్టార్టప్-సీక్వెన్స్ అనే స్క్రిప్టును నడిపిస్తుంది. 2.0 నుంచి ఆ స్క్రిప్టు చివరి భాగంలో యూజర్-స్టార్టప్ ఫైలు ఉందో లేదో చూసి, ఉంటే దానిని ఎగ్జిక్యూట్ చేసి, ఆ తరువాతే లోడ్‌డబ్ల్యుబీ కమాండుతో వర్క్‌బెంచ్‌ను తెచ్చి, చివరికి ఎండ్‌సీఎల్ఐతో తనను తాను ముగించుకుంటుంది. మీ ప్రోగ్రాం ఎన్నటికీ ముగియదు, అందువల్ల స్క్రిప్టు ఆ వరుస దగ్గరే ఆగిపోయి లోడ్‌డబ్ల్యుబీ దాకా చేరదు. ఇది మీ మొదటి సమస్య.

రన్ వాడినప్పుడు ప్రోగ్రాం వేరే ప్రాసెస్‌గా విడిపోతుంది, స్క్రిప్టు ముందుకు సాగుతుంది. కానీ విడిపోయిన ప్రాసెస్ తన ఇన్‌పుట్, ఔట్‌పుట్ దారులను కన్న సీఎల్ఐ నుంచే తీసుకుంటుంది. ఎండ్‌సీఎల్ఐ ఆ సీఎల్ఐని ముగించగలదు గానీ, విండోను పట్టుకున్న చివరి దారి మూతపడే వరకు విండో మూసుకోదు. విండోతో పనిలేని గడియారం లాంటి ప్రోగ్రాం అయితే దారులు రెండింటినీ శూన్య పరికరానికి మళ్ళిస్తే సరిపోతుంది:

రన్ >నిల్: <నిల్: సిస్:యుటిలిటీస్/క్లాక్

మీ ప్రోగ్రాం సంగతి వేరు, దాని ఔట్‌పుట్ కనిపించాలి. కాబట్టి బూట్ విండోను వాడకుండా దానికంటూ ఒక విండోను న్యూషెల్‌తో తెరవండి. యూజర్-స్టార్టప్ చివర ఈ ఒక్క వరుస చాలు:

న్యూషెల్ "కాన్:0/128/640/128/సీరియల్/క్లోజ్" ఫ్రమ్ ఎస్:సీరియల్-స్టార్టప్

కాన్: అన్నది కమాండ్ విండోను తెరిచే పరికరం పేరు. దాని తరువాత వచ్చే నాలుగు సంఖ్యలు వరుసగా ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు. పాల్ (యూరప్, భారత్‌లలోని టీవీ పద్ధతి) యంత్రంలో మామూలు హై-రెస్ తెర 640 బై 256 కాబట్టి 128 దగ్గర మొదలుపెడితే కింది సగం వస్తుంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) అయితే తెర ఎత్తు 200 మాత్రమే, అప్పుడు 100, 100 అని మార్చుకోవాలి. ఆ తరువాతిది విండో శీర్షిక. చివరి క్లోజ్ అన్న మాట 2.0 నుంచి పనిచేస్తుంది, విండోకు మూసే బొత్తాన్ని ఇస్తుంది. ఫ్రమ్ తరువాత పేరిచ్చిన ఫైలులో మీ ప్రోగ్రాం పేరు రాయండి. న్యూషెల్ కొత్త షెల్ ముగిసేదాకా ఎదురుచూడకుండా వెంటనే తిరిగి వస్తుంది కాబట్టి బూట్ స్క్రిప్టు ఆగదు.

నిర్వాహకుడు:
ఒక మనవి. ఈ వేదిక పద్ధతి ప్రకారం కమాండ్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాం. యంత్రంలో టైపు చేసేటప్పుడు వాటి అసలు అక్షరాలనే వాడాలని కొత్తవారు గమనించగలరు.

ఐకాన్‌పక్షం:
అర్ధవిరామం గారు చెప్పినది తప్పు కాదు గానీ, 3.0 ఉన్న యంత్రంలో ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. 2.0 నుంచి డబ్ల్యుబీస్టార్టప్ అనే డ్రాయర్ (ఫోల్డర్) ఉంది. వర్క్‌బెంచ్ వచ్చిన తరువాత అందులోని ఐకాన్లన్నీ వాటంతట అవే మొదలవుతాయి. స్క్రిప్టును ఒక ప్రాజెక్ట్ ఐకాన్‌తో అందులో ఉంచి, ఆ ఐకాన్ డిఫాల్ట్ టూల్‌గా (దానిని తెరిచే ప్రోగ్రాంగా) స్క్రిప్టులను నడిపే సీ:ఐకాన్ఎక్స్ అని రాస్తే చాలు. టూల్ టైపులలో (ఐకాన్‌లో రాసే అమరికలు) విండో= అని పెట్టి అదే కాన్: వర్ణన ఇస్తే విండో మీరు కోరిన చోటే తెరుచుకుంటుంది. స్క్రిప్టు ముగిసిన తరువాత విండో కొన్ని క్షణాలు నిలవాలనుకుంటే ఐకాన్ఎక్స్‌కు వెయిట్= అనే టూల్ టైపు కూడా ఉంది.

దీనివల్ల పెద్ద మేలు ఏమిటంటే బూట్ స్క్రిప్టులను ముట్టుకోనక్కరలేదు. ప్రోగ్రాం వద్దనుకున్న రోజున ఐకాన్‌ను డ్రాయర్ నుంచి బయటికి లాగేస్తే సరి.

అర్ధవిరామం:
ఆ పద్ధతీ మంచిదే, కానీ అందులో ఒక మెలిక ఉంది. డబ్ల్యుబీస్టార్టప్‌లో మొదలైన ప్రోగ్రాం త్వరగా తిరిగి రావాలని వర్క్‌బెంచ్ ఆశిస్తుంది. తిరిగి రాకపోతే కొంతసేపు చూసి, ఫలానా ప్రోగ్రాం ఇంకా ముగియలేదు, ఇంకా ఎదురుచూడాలా అని అడిగే పెట్టెను తెరమీద పెడుతుంది. పాతకీబోర్డు గారి ప్రోగ్రాం ఎన్నటికీ తిరిగిరాని రకం కాబట్టి ఆ ఐకాన్‌లో డోనాట్‌వెయిట్ అనే టూల్ టైపు తప్పనిసరి. అక్షరాల మధ్య ఖాళీ లేకుండా రాయాలి. ఒకటికంటే ఎక్కువ ప్రోగ్రాంలు ఉండి వాటి వరుస ముఖ్యమైతే స్టార్ట్‌ప్రై= అని ప్రాధాన్యం ఇవ్వవచ్చు, ఎక్కువ సంఖ్య ఉన్నది ముందు మొదలవుతుంది.

నా మొగ్గు మాత్రం న్యూషెల్ వైపే. ప్రోగ్రాంను ఆపిన తరువాత కూడా అదే విండోలో షెల్ ప్రాంప్ట్ మిగులుతుంది కాబట్టి, ప్రోగ్రాంను సరిదిద్ది మళ్ళీ నడపడం సులువు. ఐకాన్ఎక్స్ విండో స్క్రిప్టుతో పాటే పోతుంది. సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

దారితప్పినబిట్:
కొంచెం పక్కకు వెళ్ళినా చెప్పాలనిపించింది. అదే కాలపు ఇతర యంత్రాలతో పోల్చి చూస్తే అమిగా పద్ధతి ఎంత ముందుందో తెలుస్తుంది. బీబీసీ మైక్రోలో డిస్క్‌కు ఆప్ట్ 4,3 అని అమర్చి, షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ నొక్కితే ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే బూట్ అనే ఫైలులోని వరుసలను కీబోర్డు నుంచి టైపు చేసినట్టే తీసుకుంటుంది. అటారీ ఎస్‌టీలో ఆటో ఫోల్డర్ ఉంది, కానీ అందులోని ప్రోగ్రాంలు అక్షరక్రమంలో కాక డిస్క్‌మీద అవి రాయబడిన క్రమంలో నడుస్తాయి; వరుస మార్చాలంటే ఫైళ్ళను తీసి మళ్ళీ కాపీ చేసేవాళ్ళం. ఎంఎస్-డాస్‌లో ఆటోఎగ్జెక్.బ్యాట్ ఉంది గానీ అది ఒకసారి ఒక్క ప్రోగ్రామునే నడపగల వ్యవస్థ, అందులోంచి కాల్ అనే మాట లేకుండా ఇంకో బ్యాచ్ ఫైలును పిలిస్తే మొదటిదానికి తిరిగి రావడమే ఉండదు. ఏ విండోలో నడపాలి అన్న ప్రశ్న వీటిలో దేనిలోనూ పుట్టదు, ఎందుకంటే ఆ దశలో విండోలే ఉండవు.

రెండోఫ్లాపీ:
దారితప్పినబిట్ గారికి: అమిగాడాస్ మూలం ట్రైపాస్ అనే వ్యవస్థ. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన దానిని మెటాకామ్‌కో సంస్థ అమిగాకు తెచ్చింది, మొదట్లో కమాండ్లు కూడా బీసీపీఎల్ భాషలోనే ఉండేవి. ఒకేసారి అనేక పనులు చేయడం దానికి పుట్టుకతోనే ఉంది కాబట్టి 1985లోనే ఇంటి కంప్యూటర్‌లో రన్ అనే కమాండ్ సాధ్యమైంది.

నాది అమిగా 500, వర్క్‌బెంచ్ 1.3, హార్డ్ డిస్క్ లేదు. నా ప్రశ్న తరువాత అడుగుతాను, ముందు పాతకీబోర్డు గారి సంగతి తేలనివ్వండి.

పాతకీబోర్డు:
అందరికీ కృతజ్ఞతలు. న్యూషెల్ పద్ధతినే ఎంచుకున్నాను. విండో కోరిన చోటే వచ్చింది, వర్క్‌బెంచ్ కూడా వచ్చింది. అయితే రెండు వింతలు మిగిలాయి.

మొదటిది: చేత్తో షెల్ తెరిచి నడిపితే గంటల తరబడి నడిచే ప్రోగ్రాం, బూట్‌లో దానంతట అది మొదలైనప్పుడు మాత్రం కొన్ని వరుసల తరువాత యంత్రాన్నే కూలదోస్తోంది. అదే ప్రోగ్రాం, అదే యంత్రం.

రెండవది: బూట్ ఎంతవరకు వచ్చిందో తెలియడానికి స్టార్టప్-సీక్వెన్స్ మొదట్లో సందేశం ముద్రించే ఎకో వరుస ఒకటి పెట్టాను. అప్పటినుంచి, వర్క్‌బెంచ్ తెరను మార్చడానికి ప్రయత్నిస్తున్నాము, డ్రాయర్లు తప్ప మిగిలిన విండోలన్నీ మూసివేయండి అన్న అర్థంలో ఒక పెట్టె వచ్చి బూట్‌ను ఆపేస్తోంది. స్క్రీన్‌మోడ్ ప్రిఫరెన్సెస్‌లో డిఫాల్ట్ కాని తెరను ఎంచుకుని ఉన్నాను.

అర్ధవిరామం:
మొదటిదానికి సమాధానం చెప్పే ముందు ఒక ప్రశ్న: మీ షెల్-స్టార్టప్ ఫైలులో స్టాక్ (ప్రోగ్రాం తాత్కాలిక విలువలకు కేటాయించే మెమరీ) అనే వరుస ఏమైనా ఉందా?

పాతకీబోర్డు:
ఉంది. స్టాక్ 20000 అని ఉంది, దానితో పాటు కొన్ని అలియాస్‌లు, ప్రాంప్ట్ వరుస కూడా ఉన్నాయి.

అర్ధవిరామం:
అయితే అదే కారణం. న్యూషెల్ మామూలుగా ఎస్:షెల్-స్టార్టప్‌ను చదువుతుంది. ఫ్రమ్ అని మీరు వేరే ఫైలు పేరు ఇస్తే దాని బదులు దానినే చదువుతుంది, రెండూ చదవదు. చేత్తో తెరిచిన షెల్‌లో మీ ప్రోగ్రాంకు 20000 బైట్ల స్టాక్ దొరుకుతోంది, బూట్‌లో తెరుచుకున్న దానిలో మాత్రం వ్యవస్థ ఇచ్చే సుమారు 4000 బైట్లే. పెద్ద బఫర్లను లోకల్ వేరియబుల్స్‌గా పెట్టుకున్న సీ ప్రోగ్రాంకు అవి చాలవు, అమిగాలో మెమరీ రక్షణ లేదు కాబట్టి స్టాక్ పొంగి పక్కనున్న మెమరీని తొక్కేస్తుంది. అది ఏ క్షణంలో బయటపడుతుందో చెప్పలేం, అందుకే కొన్ని వరుసలు ముద్రించాక కూలుతోంది.

మీ సీరియల్-స్టార్టప్ ఇలా ఉండాలి:

ఎగ్జిక్యూట్ ఎస్:షెల్-స్టార్టప్
ఫెయిల్ఎట్ 21
సీడీ వర్క్:సీరియల్
సీరియల్‌చూపు
ఎకో "ప్రోగ్రాం ముగిసింది"

ఫెయిల్ఎట్ ఎందుకో చెప్తాను. ప్రతి ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఒక సంఖ్యను తిరిగి ఇస్తుంది: 0 అంటే సజావు, 5 హెచ్చరిక, 10 లోపం, 20 వైఫల్యం. ఆ సంఖ్య ఫెయిల్ఎట్ హద్దుకు సమానమైనా, మించినా స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది, ఆ హద్దు మామూలుగా 10. మీరు కంట్రోల్-సీతో ప్రోగ్రాంను ఆపినప్పుడు అది 20 ఇచ్చి వెళ్ళే రకమైతే తరువాతి వరుసలు నడవవు. చివర ఎండ్‌సీఎల్ఐ పెట్టి విండో కూడా మూతపడాలనుకునేవారు దీన్ని మరిచిపోయి, విండో ఎందుకు మిగిలిందా అని వెతుక్కుంటారు.

నిశ్శబ్దబూట్:
రెండవ వింత నాకు బాగా పరిచయం. 2.0 నుంచి బూట్ విండో ముందే తెరుచుకోదు. ఏదైనా కమాండ్ ఒక్క అక్షరం ముద్రించినా అప్పుడే తెరుచుకుంటుంది. మీ ఎకో ఆ పని చేసింది. విండో ఉన్నదంటే వర్క్‌బెంచ్ తెర కూడా తెరుచుకున్నట్టే. ఆ తరువాత ప్రిఫరెన్సెస్‌ను అమలు చేసే ఐప్రెఫ్స్ కమాండ్ వచ్చి, మీరు ఎంచుకున్న స్క్రీన్‌మోడ్‌ను అమలు చేయాలంటే ఆ తెరను మూసి మళ్ళీ తెరవాలి. దానిమీద ఒక విండో ఉంది కాబట్టి మూయలేక మిమ్మల్ని అడుగుతోంది.

కాబట్టి ఐప్రెఫ్స్ వరుసకు ముందు ఏదీ మాట్లాడకూడదు. వ్యవస్థలోని లోపాలను సరిదిద్దే సెట్‌ప్యాచ్ కమాండుకు క్వయట్ అన్న మాట ఇందుకే ఉంది. మిగిలిన కమాండ్ల పక్కన >నిల్: పెట్టండి. ఎకో తప్పనిసరిగా కావాలంటే యూజర్-స్టార్టప్‌లోకి మార్చండి, అది ఐప్రెఫ్స్ తరువాత నడుస్తుంది. రన్ కూడా మాట్లాడే కమాండే. చతురస్ర కుండలీకరణాల్లో సీఎల్ఐ 2 అంటూ ప్రాసెస్ సంఖ్యను ప్రకటిస్తుంది, ఆ ఒక్క ముక్కకే ఖాళీ విండో ఒకటి తెరమీద వెలుస్తుంది.

ఇంకొక మాట: స్టార్టప్-సీక్వెన్స్‌ను అసలు మార్చకండి. 2.0 తరువాత మన చేర్పులన్నిటికీ యూజర్-స్టార్టప్ ఉన్నది అందుకే.

ఐకాన్‌పక్షం:
పాత్ వరుస (కమాండ్లను ఏ డైరెక్టరీలలో వెతకాలో చెప్పేది) గురించి ఎవరూ చెప్పలేదు. లోడ్‌డబ్ల్యుబీ నడిచిన క్షణంలో ఆ సీఎల్ఐకి ఉన్న పాత్‌నే వర్క్‌బెంచ్ గుర్తుపెట్టుకుంటుంది, తరువాత వర్క్‌బెంచ్ నుంచి తెరిచే షెల్‌లకు అదే అందుతుంది. న్యూషెల్ కూడా కన్న షెల్ పాత్‌ను, ప్రస్తుత డైరెక్టరీని, స్టాక్ పరిమాణాన్ని అందిపుచ్చుకుంటుంది. కాబట్టి పాత్ వరుసలన్నీ యూజర్-స్టార్టప్‌లో న్యూషెల్ వరుసకు పైన ఉండాలి.

పాతకీబోర్డు:
రెండూ సరిపోయాయి. ఎకోను తీసేశాను, షెల్-స్టార్టప్ వరుస చేర్చాను, నిన్నటి నుంచి యంత్రం కూలలేదు. ఒకవేళ యూజర్-స్టార్టప్‌లో ఏదైనా తప్పుబడి బూట్ సగంలో ఆగిపోతే బయటపడే దారి ఏమిటి?

నిశ్శబ్దబూట్:
స్క్రిప్టు నడుస్తుండగా కంట్రోల్-డీ నొక్కితే అది ఆగి ప్రాంప్ట్ వస్తుంది. అదీ కుదరకపోతే యంత్రాన్ని రీసెట్ చేసి మౌస్ రెండు బొత్తాలనూ నొక్కి పట్టుకోండి. 3.0లో తొలి బూట్ మెనూ వస్తుంది, అందులో స్టార్టప్-సీక్వెన్స్ లేకుండా బూట్ చేసే ఎంపిక ఉంది. ప్రాంప్ట్ దగ్గర ఎడ్ ఎస్:యూజర్-స్టార్టప్ అని టైపు చేసి (ఎడ్ అంటే టెక్స్ట్ ఎడిటర్), తప్పు వరుస ముందు సెమికోలన్ పెట్టండి, అది వ్యాఖ్యగా మారిపోతుంది. ఎస్కేప్, తరువాత ఎక్స్, తరువాత రిటర్న్ నొక్కితే ఎడ్ భద్రపరచి బయటకు వస్తుంది.

రెండోఫ్లాపీ:
ఇప్పుడు నా వంతు. 1.3లో యూజర్-స్టార్టప్ పిలుపు లేదు, డబ్ల్యుబీస్టార్టప్ డ్రాయరూ లేదు. స్టార్టప్-సీక్వెన్స్‌నే మార్చాలి. అందులో 5 నిమిషాలు ఎదురుచూడు అన్న వరుస చూసి ఆశ్చర్యపోయాను. బూట్‌కు 5 నిమిషాలు పట్టడం లేదు కదా, ఆ వరుసను తీసేయవచ్చా?

అర్ధవిరామం:
తీయకండి. 1.3 స్టార్టప్-సీక్వెన్స్ మొదట షెల్‌ను, కొన్ని కమాండ్లను రెసిడెంట్‌గా (మెమరీలోనే నిలిచి ఉండేలా) చేసి, ఆ తరువాత ఎస్:స్టార్టప్‌II అనే రెండవ స్క్రిప్టును రన్ ఎగ్జిక్యూట్‌తో వేరుగా మొదలుపెడుతుంది. మిగిలిన పని ఆ రెండవది చేస్తుంటే మొదటిది వెయిట్‌లో కూర్చుంటుంది, పని ముగియగానే రెండవది సంకేతం పంపి దానిని లేపుతుంది. 5 నిమిషాలు అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. మీ వరుసను ఆ వెయిట్ తరువాత, లోడ్‌డబ్ల్యుబీకి ముందు చేర్చండి.

న్యూషెల్ 1.3లోనూ ఉంది, కానీ క్లోజ్ అన్న మాట దానికి తెలియదు, రాయకండి. కాన్: బదులు న్యూకాన్: వాడితే వరుసను దిద్దుకోవడం, పాత కమాండ్లను పై బాణంతో తెచ్చుకోవడం కుదురుతుంది, మౌంట్ న్యూకాన్: అనే వరుస దానికంటే ముందు నడిచి ఉండాలి. విండో కొలతలు తెరను దాటకుండా చూసుకోండి. కన్న విండో అవసరమే లేకుండా ఔట్‌పుట్ మాత్రమే చూడాలనుకుంటే ఇంకా తేలిక మార్గం ఉంది:

రన్ >కాన్:0/128/640/128/సీరియల్ <నిల్: సీరియల్‌చూపు

ఔట్‌పుట్ మళ్ళింపే కొత్త విండోను తెరుస్తుంది. ఇందులో షెల్ లేదు కాబట్టి మెమరీ కొంత మిగులుతుంది, 512 కేబీ యంత్రంలో అది లెక్కలోకి వచ్చేదే. ప్రోగ్రాంను ఆపాలంటే ఇంకో సీఎల్ఐ నుంచి స్టేటస్ అని టైపు చేసి దాని ప్రాసెస్ సంఖ్య చూసి, బ్రేక్ 3 సీ అన్నట్టు ఆ సంఖ్యతో ఆపండి.

రెండోఫ్లాపీ:
రన్ వరుసను చేర్చి చూశాను, విండో వస్తోంది. కానీ వర్క్‌బెంచ్, నా ప్రోగ్రాం ఒకేసారి లోడ్ అవుతున్నప్పుడు ఫ్లాపీ డ్రైవు గరగరమంటూ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటోంది, మొత్తం బూట్ మునుపటికంటే చాలా ఆలస్యమవుతోంది.

నిశ్శబ్దబూట్:
రెండు ప్రాసెస్‌లు ఒకే డిస్క్‌మీద రెండు చోట్ల చదువుతుంటే హెడ్ వాటి మధ్య పరుగులు తీస్తుంది. ఫ్లాపీ యంత్రంలో ఒకేసారి చేయడం కంటే ఒకదాని తరువాత ఒకటి చేయడమే వేగం. రన్ వరుసకూ లోడ్‌డబ్ల్యుబీకీ మధ్య వెయిట్ 5 సెక్స్ అని పెట్టండి, మీ ప్రోగ్రాం పూర్తిగా మెమరీలోకి వచ్చాక వర్క్‌బెంచ్ మొదలవుతుంది. ప్రోగ్రాం పెద్దదైతే 5ను పెంచండి. మీకు రెండవ డ్రైవు ఉంటే ప్రోగ్రాంను ఆ డిస్క్‌మీద ఉంచి డీఎఫ్1: నుంచి నడపండి, అప్పుడు వెయిట్ కూడా అక్కరలేదు.

రెండోఫ్లాపీ:
డీఎఫ్1:కు మార్చాను. గరగర ఆగింది, వెయిట్ వరుస తీసేశాను.